పౌనుకు మూడు పెన్నీలు

వేల్సు దేశమున బొగ్గుకొండల నడుమ ట్రెడీగర్ అను చిన్న పట్టణము కలదు. ఊరి నడిబొడ్డున, సర్కిల్ అని పిలుచు గుండ్రని కూడలిలో, 1858 నాటి 72 అడుగుల ఇనుప గడియారస్తంభము నేటికిని నిలిచియున్నది. ఆ కూడలిలోనే పదవ నంబరు గృహమున ఒకప్పుడు గనికూలీల వైద్యసహాయ సంఘమువారి కచేరి నడచినది. ఒకరి దయకు చేయిచాపుట కిష్టపడని మనుష్యులు, తమ కూలిడబ్బులో నుండి తాము తీసిపెట్టుకొన్న సొమ్ముతో, తమ వైద్యుని తామే నియమించుకొన్న చోటది. ప్రజలందరికిని వైద్యము చేయించుట ప్రభుత్వమునకు సాధ్యమా, సాధ్యమైనను ఖజానా ఆ భారమును ఎన్నాళ్ళు మోయగలదు అని నేడు దేశదేశముల ఆర్థికమంత్రులు తలలు పట్టుకొనుచున్న ప్రశ్న యున్నదే, దాని పుట్టినిల్లు ఎక్కడ అని నన్నడిగినచో నేను లండనులోని పార్లమెంటును కాక ఈ పదవ నంబరు గృహమునే చూపుదును.

ఆ సంఘము 1890 లో మొలకెత్తినది. దాని కట్టుబాటు మిక్కిలి తేలికైనది: పనివాని కూలిలో పౌనుకు మూడు పెన్నీల చొప్పున పట్టుకొని నిధికి జమకట్టుట, ఆ నిధిలో నుండి వైద్యులకు జీతములిచ్చుట. ఆనాటి పౌనుకు 240 పెన్నీలు గనుక, మన లెక్కలో ఇది నూటికి రూపాయి పావలా. కూలి పంచునాడు, మసి వదలని చేతికి అందిన చీటిలో, దీపమునకింత, పనిముట్లకు పదునుపెట్టుటకింత అను కోతల సరసన వైద్యునికింత అను కోతయు నుండెడిది. ఎక్కువ వచ్చినవాడు ఎక్కువయు, తక్కువ వచ్చినవాడు తక్కువయు ఇచ్చును. వైద్యము మాత్రము ఇచ్చినదానిని బట్టి కాక, జబ్బును బట్టి జరుగును. ఈ చివరి మాట పైకి చిన్నదిగా కనబడినను, తరువాత ఒక మహాసామ్రాజ్యపు బడ్జెటును అటునిటు ఊపినది ఇదియే. 1930 ప్రాంతమునకు ఊరిలో దాదాపు అందరును ఈ సంఘపు నీడలోనికి వచ్చిరి. ఐదుగురు వైద్యులు, ఒక శస్త్రవైద్యుడు, ఇరువురు మందులు కలుపువారు, ఒక దంతవైద్యుడు, ఇల్లిల్లు తిరుగు నర్సు, అవయవములకు మర్దనవ్యాయామాదులు చేయించు మరియొకరు, ఇందరు ఆ మూడేసి పెన్నీలమీద బ్రతుకుచుండిరి. ఊపిరితిత్తులలో బొగ్గుధూళి నిండినవాడును, గని పైకప్పు విరిగిపడి కాలు నలిగినవాడును, ప్రసవవేదన పడుచున్న వాని భార్యయు ఒకే గుమ్మమునకు వచ్చెడివారు.

ఈ ఏర్పాటునకు లోపములు లేవని నేననను. 1920 ల ఆరంభమున ఆ ఊర సంఘమువారి కొలువున నున్న ఒక యువవైద్యుడు ఆనక గొప్ప నవలాకారుడాయెను, ఆయనయే ఏ.జె. క్రోనిన్. 1937 లో వెలువడిన ఆయన నవల 'ది సిటడెల్' లో ఆ గనుల ఊళ్ళ వాసన నిండియున్నది. పిదప 1952 లో ప్రకటించిన స్వీయకథలో ఆయన, ఈ పద్ధతిలో మంచి కలదని ఒప్పుకొనుచునే, డబ్బు చేతిలో పెట్టనక్కరలేదు గనుక జనులు రాత్రనక పగలనక వైద్యుని పిలిపించుటకు వెనుదీయలేదని నొచ్చుకొనెను. ఉచితమనగానే మనుష్యుడు అక్కరకు మించి వాడుకొనునను ఈ ఫిర్యాదును నేటి అర్థశాస్త్రజ్ఞులు పెద్దపెద్ద పేర్లతో పిలుచుచున్నారు గాని, ఇది నిద్రచెడిన వైద్యుని నోట వచ్చినపుడే నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోచును. అయినను ఒక సందేహము: అర్ధరాత్రి పిలుపులలో అక్కర లేనివి ఎన్నియో వైద్యునికి తెల్లవారినపిదప తెలియును; దగ్గుచున్న బిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లికి అది ముందుగా తెలియు దారి ఏది?

రోగము రాకముందే దానికి సొమ్ము కేటాయించి యుంచుట మానవజాతికి క్రొత్త ఆలోచన కాదు. ట్రెడీగరు కూలీలకు ఆరువందల ఏండ్లకు పూర్వమే, మన కృష్ణాతీరమున, ఆ మాట రాతిమీద చెక్కబడినది. 1261 నాటి మల్కాపురము శాసనము చూడుడు: గణపతిదేవుడు ఇత్తునన్న మందడము గ్రామమును రుద్రమదేవి వెలగపూడితో కూడ గోళకీమఠాధిపతియైన విశ్వేశ్వరశంభువునకు ధారపోయగా, ఆ గ్రామముల రాబడిలో ఒక పాలు ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, సత్రమునకును చెందునట్లు ఆయన ఏర్పరచెను. ప్రసూతిశాలను పేరెత్తి చెప్పిన ఆ దూరదృష్టికి నమస్కరింపవలసినదే. కాని రాజదానమునకును కూలివాని చందాకును ఒక భేదము కలదు. దానము భూమిమీద నిలుచును. భూమి చేతులు మారినచో, మఠము శిథిలమైనచో, ఆరోగ్యశాలయు దానితోడనే మాయమగును. నేడు ఆ వెలగపూడిలో రాష్ట్ర సచివాలయము వెలసినది. ఆరోగ్యశాల ఎచ్చట నుండెనో చూపగలవారు లేరు. చందా అట్లు కాదు. అది మనుష్యులమీద నిలుచును, మనుష్యులు సంపాదించుచున్నంత కాలము నిలుచును.

సంపాదించుచున్నంత కాలము! ట్రెడీగరు పద్ధతికి ఆయువుపట్టును అక్కడనే కలదు. ఊరంతయు ఒకే వృత్తిమీద బ్రతుకునపుడు, ఆ వృత్తి మూలపడిననాడు నిధి ఊటయు ఎండును. 1926 లో గనులు నెలల తరబడి మూతపడి కూలీలు గంజికి మొగము వాచినపుడు పౌనుకు మూడు పెన్నీలన్న మాటకు అర్థమే లేకపోయెను. ఏలయన పౌనే లేదు. రోగము మాత్రము సమ్మె చేయదు. ఒక ఊరి కష్టమును ఇంకొక ఊరి సుఖము మోయవలెనన్న, చందా ఊరిది గాక దేశమంతటిదిగా ఉండవలెను.

దేశమంతటి చందా అను మాట 1911 లోనే, ఆనాటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి తెచ్చిన బీమాచట్టము మూలమున సగము నెరవేరినది. దానిప్రకారము పనివాడు నాలుగు, యజమాని మూడు, ప్రభుత్వము రెండు పెన్నీలు వారమునకు చెల్లించిరి; నాలుగిచ్చి తొమ్మిది పొందుట అని ఊరూర చాటిరి. అయితే ఆ తొమ్మిది పెన్నీలు పనివానికే గాని వాని భార్యాబిడ్డలకు వర్తింపవు. మగవాని ఒడలు బాగుండినచో కర్మాగారము నడచును, ఆడుదాని ఒడలు బాగుండకున్నను వంట ఆగదు, చట్టపు తర్కమిదియే! ఇల్లాండ్రు జారిన గర్భకోశములతో, పుచ్చిన పండ్లతో, మసకబారిన చూపుతో ఏండ్లకేండ్లు ఈడ్చుకొనివచ్చిరి. కండ్లజోడు కావలసినవారు వూల్వర్త్ దుకాణమున బల్లమీద కుప్పపోసిన జోళ్ళలో ఒక్కొక్కటి పెట్టి చూచుకొని, అక్షరములు కనబడినది కొనుక్కొనుచుండిరి. ధర్మాసుపత్రులు జెండాలమ్మి చందాలు దండుకొనుచుండగా, రోగి ఎంత ఇచ్చుకొనగలడో విచారించుటకు గుమ్మముకడనే ఒక ఉద్యోగిని కూర్చుండెడిది. తక్కినవారికి పేదలశాలకు అంటియున్న ఆసుపత్రులే గతి. అచ్చట అడుగిడుట పరువు పోగొట్టుకొనుటగా భావించి ఇంటనే కన్నుమూసినవారు ఎందరో.

ఇట్టి కాలమున, యుద్ధమధ్యమున, 1942 డిసెంబరులో బెవరిడ్జి నివేదిక వెలువడినది. ఈ విలియం బెవరిడ్జి పుట్టుక 1879 లో మన వంగదేశపు రంగపురమున. తండ్రి అచ్చటి సివిల్ సర్వీసు ఉద్యోగి. లేమి, రోగము, అజ్ఞానము, మురికి, నిరుద్యోగము అను ఐదుగురు రాక్షసులను వధింపవలెనని ఆయన వ్రాసిన ఆ సర్కారు పుస్తకము కొరకు జనులు బారులు తీరి నిలిచిరి. ఆ నివేదికలోని లెక్కలలో ఒక పట్టిక నన్ను ఎప్పుడును ఆకర్షించును. జాతీయ వైద్యసేవకు 1945 లో 17 కోట్ల పౌనులు కావలెనని అంచనా వేసి, ఇరువది యేండ్ల తరువాత, అనగా 1965 లో, అంతే, సరిగా 17 కోట్లే చాలునని బెవరిడ్జి లెక్కకట్టెను. వైద్యము బాగుగా జరిగినకొలది రోగులు తగ్గుదురు గనుక వ్యయము పెరుగదని ఆయన తలంపు. ఇంత మనోహరమైన పొరపాటు ఆర్థికచరిత్రలో మరియొకటి నే నెరుగను. రోగమనునది గాదెలోని ధాన్యము కాదు, తీసినకొలది తరుగుటకు. న్యుమోనియా నుండి బ్రతికిన ముప్పదియేండ్లవాడు డెబ్బదవ యేట గుండెనొప్పితో వచ్చును; వైద్యము గెలిచిన ప్రతి యుద్ధమును దానికి ఇంకొక యుద్ధమును సంపాదించిపెట్టును. కాని దీనిని నష్టమని పద్దు వ్రాయువారిని చూచి నాకు నవ్వు వచ్చును. ఆ మనుష్యుడు నలువదియేండ్లు అదనముగా బ్రతికినాడను జమపద్దు వారి పుస్తకమున ఏ పుటలోను ఉండదు.

బెవరిడ్జి కాగితమున గీసినదానిని ఇటుకలతో కట్టినవాడు అనైరిన్ బెవన్. 1897 లో ట్రెడీగరులోనే పుట్టి, పదుమూడేండ్లకే గనిలో దిగి, బొగ్గుధూళి ఊపిరితిత్తులను తినివేయగా కన్నుమూసిన తండ్రిని చూచి, ఆ ఊరి ఆసుపత్రి పాలకసంఘమున కూర్చుండి లెక్కలు నేర్చినవాడు 1945 లో ఆరోగ్యమంత్రి యైనపుడు, ఊరి కట్టుబాటునే దేశమునకు పరచుటకు పూనుకొనెను. వోటువేసిన వైద్యులలో పదింట తొమ్మండుగురు 1948 ఫిబ్రవరిలో వలదనిరి. పెద్ద వైద్యులకు సొంత రోగులను చూచుకొను స్వేచ్ఛయు, మంచి జీతములును ఇచ్చి ఆయన వారిని దారికి తెచ్చుకొనెను. 1948 జూలై 5 వ తేదీన ఇంగ్లండు, వేల్సులలోని 2,688 ఆసుపత్రులు ఒక్కనాటనే ప్రభుత్వపరమైనవి. జాతీయబీమాకు తాము కట్టు చందా తమ వైద్యమునకు చెల్లుచున్నదని ఆంగ్లేయులలో చాలమంది నేటికిని నమ్ముచున్నారు గాని, నిజమునకు వ్యయములో సింహభాగము సామాన్యపు పన్నుల నుండియే వచ్చుచున్నది.

ఆనకట్ట తెంచినట్లు జనము వచ్చిపడినది. మొదటి యేడాదిలో 50 లక్షలకు పైగా కండ్లజోళ్ళు ఇచ్చిరి. 80 లక్షలకు పైగా జనులు పండ్లు బాగుచేయించుకొనిరి. అంచనాలు తలక్రిందులైనవి, అనుబంధ పద్దులు పార్లమెంటుకు రాసాగినవి, దేశము దివాలా తీయునని పత్రికలు గోలపెట్టినవి. అయితే ఇవి 1948 లో పుట్టిన జబ్బులా? వూల్వర్తు బల్లచెంత నిలిచిన కండ్లును, వంటింట మూలిగిన నడుములును తమ పాతబాకీని ఒక్కసారిగా వసూలు చేసుకొన వచ్చినవి. బాకీ తీర్చినవానిని దుబారాకోరని ఎవ్వరును అనరు. ప్రభుత్వమును మాత్రము అనిరి.

కొరియాలో యుద్ధము వచ్చినది. మూడేండ్లలో 470 కోట్ల పౌనుల ఆయుధసామగ్రి కూర్చుకొనవలెనని నిశ్చయించిన ప్రభుత్వము, 1951 ఏప్రిలులో, కట్టుడుపండ్లకును కండ్లజోళ్ళకును సగము ధర రోగియే ఇచ్చుకొనవలెనని బడ్జెటులో ప్రకటించెను. ఆ యేటికి దానివలన మిగులునది 1 కోటి 30 లక్షల పౌనులు. 470 కోట్ల ప్రక్కన 1 కోటి 30 లక్షలు! బెవన్ మంత్రిపదవిని వదలుకొనెను. తోటిమంత్రులైన హెరాల్డ్ విల్సనును, జాన్ ఫ్రీమనును ఆయన వెంట నడచిరి. ఆ కోపములో అహంకారము పాలు లేదనను. ఆర్థికమంత్రి గైట్‌స్కెల్‌తో ఆయనకు పడదని అందరును ఎరిగినదే. కాని గుమ్మమున డబ్బు అడుగుట ఒకసారి మొదలైనచో అది ఆగదని ఆయన పలికినది తప్పు కాలేదు: మరుసటి యేట, ఇంకొక ప్రభుత్వము మందుచీటికి ఒక షిల్లింగు విధించినది.

1953 లో ఆ ప్రభుత్వము, వైద్యసేవ వ్యయమును విచారించి దుబారాను పట్టియిచ్చుటకు, కేంబ్రిడ్జి అర్థశాస్త్రజ్ఞుడు క్లాడ్ గిల్లెబో అధ్యక్షతన ఒక సంఘమును వేసెను. రాజకీయములలో చేయితిరిగినవారు కాగలదానిని ముందే ఊహించుకొనిరి: దుబారా బయటపడును, కోతలకు కారణము దొరకును. గిల్లెబో తొందరపడలేదు. బ్రయన్ ఏబెల్ స్మిత్ అను యువకునకును, రిచర్డ్ టిట్మస్ అను ఆచార్యునకును లెక్కలు అప్పగించెను. వారు రూపాయి అణా పైసలవలె పౌను షిల్లింగు పెన్నీలను విడదీసి, ధరలు పెరిగినందున ఎంత, జీతములు పెరిగినందున ఎంత, జనము పెరిగినందున ఎంత, నిజముగా సేవ పెరిగినందున ఎంత అని వేరుచేసిరి. 1956 జనవరిలో వెలువడిన ఫలితము పాలకులకు మింగుడుపడలేదు. 1949-50 లో దేశాదాయమున నూటికి 3.75 గా నున్న వైద్యసేవ వ్యయము 1953-54 నాటికి 3.25 కు దిగినది. నూరు రూపాయల సంపాదనలో అర్ధరూపాయి తగ్గినది! దివాలా కథ అంతయు పద్దు పెరుగుటను చూచి సంపాదన పెరుగుటను చూడనివారు అల్లినది. దోషమును పట్టుకొన వచ్చిన సంఘము, నిజమైన దోషమును మరియొకచోట చూపినది: ఆసుపత్రి భవనములమీద పెట్టుచున్న పెట్టుబడి యుద్ధమునకు ముందున్నదానిలో మూడవవంతు మాత్రమే, ఆసుపత్రులలో దాదాపు సగము 1891 నకు ముందు కట్టినవి.

ఈ విషయమున ప్రభుత్వములన్నియు ఒక్కటే. జీతములు ఆపినచో నర్సులు వీధికెక్కుదురు. మందులు ఆపినచో రోగులు ఏడ్తురు. గోడకు సున్నము వేయుట ఆపినచో గోడ నోరెత్తదు. 1962 లో తొంబది క్రొత్త ఆసుపత్రులు కట్టుదుమని ఆరోగ్యమంత్రి ఎనక్ పవెల్ గొప్ప ప్రణాళిక ప్రకటించెను. అందు చాలభాగము కాగితము దాటలేదు. అరువదియేండ్ల పిమ్మట ఇంగ్లండు ఆసుపత్రుల మరమ్మతుబాకీ వెయ్యికోట్ల పౌనులు దాటినది. కొన్నిచోట్ల పైకప్పు కూలకుండ ఇనుప ఊతలు నిలిపి, వాని నడుమ మంచములు వేసియున్నారు. 2023 లో ఆసుపత్రి చికిత్సకు వేచియున్న వరుస 75 లక్షలు దాటెను. వైద్యమునకు ధర పెట్టకున్నచో దానిని వరుసతో కొలిచి ఇయ్యవలసివచ్చును. ధర పేదవానిని ఆపును, వరుస అందరిని ఆపును. రెండింటిలో వరుసయే న్యాయమని నా తలంపు. కాని వరుసలో నిలిచినవాని నొప్పికి న్యాయము మందు కాదు.

గిల్లెబో లెక్కకు అందని పద్దు ఒకటి కలదు. 1975 వరకు మన వైద్యపట్టములను బ్రిటను యథాతథముగా ఒప్పుకొనుచుండెడిది. విశాఖ, గుంటూరు, హైదరాబాదు కళాశాలలలో చదివిన మనవారెందరో ఓడలెక్కి, విమానములెక్కి, ఆంగ్లవైద్యులు పోనొల్లని ఊళ్ళలో, ఆ వేల్సు లోయలలో సయితము, కొలువుదీరిరి. ఒక వైద్యుని తయారుచేయుటకగు ఖర్చు మన రైతు కట్టిన పన్నులోనిది. ఆ వైద్యుని నైపుణ్యముతో తేలికపడినది వారి బడ్జెటు. సంపన్నదేశపు వైద్యసేవ నిలదొక్కుకొన్నది ఎట్లని వ్రాయువారు ఈ జమను ఎవరి ఖాతాలో వ్రాయుదురో!

బ్రిటనులో వైద్యసేవాచట్టము పుట్టిన 1946 లోనే మన దేశమున భోర్ సంఘము, ఇచ్చుకొనలేకపోవుట కారణముగా ఏ ఒక్కరును వైద్యమునకు దూరము కారాదని నివేదించెను. నివేదిక గ్రంథాలయములలో భద్రముగ నున్నది. ఇప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఆరోగ్యశ్రీ యను ఉచితవైద్య పథకము, ఒకచోట వేరు పేరుతో, కలదు. బాకీలు పేరుకొన్నవని ఆసుపత్రులు అప్పుడప్పుడు సేవలు నిలుపుటయు కలదు. మనవారు పథకమునకు పేరు పెట్టుటలో చూపు శ్రద్ధను దాని పద్దుకు నెలనెల సొమ్ము చేర్చుటలో చూపరు. ట్రెడీగరు కూలి పంచునాడే కోసి యుంచిన కారణము ఇదియే.

మందుచీటి రుసుమును వేల్సువారు 2007 ఏప్రిల్ 1 వ తేదీన పూర్తిగ ఎత్తివేసిరి. ఇంగ్లండులో ఒక్కొక్క మందుకు నేటికిని తొమ్మిది పౌనులకు పైగా చెల్లింపవలెను. ట్రెడీగరులో పెన్నీ అక్కరలేదు. అదే నాడు, 2007 ఏప్రిల్ 1 న, మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ ఆరంభమైనది. ఆ మూడు జిల్లాల పేదకుటుంబములకు గుండె శస్త్రచికిత్స వంటి పెద్ద చికిత్సలు ఆనాటి నుండి ఉచితము. అంగడిలో కొను జ్వరపుమాత్ర ఆ పట్టికలో లేదు.